గుర్రాలకు, కంచర గాడిదలకు కొత్త బేరాలు ఎక్కడ?

తెనాలి అశ్వశాల: మా ప్రాంతంలో పెళ్ళి ఊరేగింపుల వారు తప్ప గుర్రాన్ని అడిగేవారు లేరు. ఆషాఢంలోనూ మూఢంలోనూ ఆ బేరమూ ఆగిపోతుంది గానీ ఉలవల ఖర్చు ఆగదు. సవారీ కేంద్రాలకు గుర్రాలను, కొండ ప్రాంతాలకు కంచర గాడిదలను (గాడిదకు, గుర్రానికి పుట్టినవి) అమ్మినవారు దారి చెప్పగలరు.

బెజవాడ సవారీ: సవారీ నేర్పేవారు పిల్లగుర్రాన్ని కొనరు. ఎక్కిన పిల్లవాడు కళ్ళెం తప్పుగా లాగినా బెదరని గుర్రమే వారికి కావాలి. మా మార్వాడీ జాతి గుర్రాన్ని చూడవచ్చిన ఆయన ముందుగా నాలుగు కాళ్ళూ ఎత్తించి గిట్టలు తట్టి చూశారు. అది కాలు లాక్కోలేదు కనుకనే బయానా ఇచ్చారు.

నరసరావుపేట పాతకాపు: ముందు చూడవలసినవి ఒంటి మీది వెంట్రుకల సుళ్ళు. మెడ మీద దేవమణి అనే శుభ సుడి ఉంటే అడిగిన ధర పలుకుతుంది. కంటి కింద సుడి ఉంటే కార్తికంలో రాజస్థాన్‌లోని పుష్కర్ సంతకు, దత్తజయంతికి మహారాష్ట్రలోని సారంగ్‌ఖేడా గుర్రాల సంతకు తోలుకెళ్ళినా కొనేవాడుండడు. ఇది మా ఇంట తరతరాలుగా వస్తున్న విద్య.

బెజవాడ సవారీ: సుడి పేరు చెప్పి ధర కోయడం దళారుల పని. ఆ మాటతోనే మా దగ్గర ఆరోగ్యమైన ఆడగుర్రాన్ని సగం ధరకు అడిగారు.

నరసరావుపేట పాతకాపు: పెద్దల విద్యను దళారీతనం అనడం మర్యాద కాదు. డబ్బు పెట్టే పెళ్ళివారే సుడి అడుగుతుంటే, వారికి మీరేం సమాధానం చెబుతారు?

మంగళగిరి పశువైద్యం: సుళ్ళ సంగతి ఉంచి, గుర్రాలకు వచ్చే గ్లాండర్స్ అనే అంటురోగం పరీక్ష గురించి మాట్లాడండి. దానికి టీకా లేదు, మనుషులకూ సోకుతుంది, రోగం తేలిన జంతువును చంపివేయవలసిందే. హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఈ రోగ నిర్ధారణలో ప్రధాన సంస్థ. దూరపు కొనుగోలుదారు ముందుగా అడిగేది రక్తపరీక్ష పత్రమే.

పాడేరు మిత్రుడు: కంచర గాడిదను అందరూ మరిచారు. మా ఏజెన్సీలో బండి వెళ్ళని గూడేలకు సరుకులు గుర్రాల మీదే చేరుతున్నాయి, ఆ పని కంచర గాడిదా చేయగలదు. ఇక్కడ పొడుగు, రంగు ఎవరూ చూడరు, గట్టి కాళ్ళు చూస్తారు. పైగా కంచర గాడిదకు సంతానం కలగదు కాబట్టి, కొన్నవాడు మరొకటి కావాలంటే మళ్ళీ పెంపకందారు దగ్గరికే రావాలి.

గుంటూరు రైతుబిడ్డ: 2024 ఫిబ్రవరిలో కేంద్రం జాతీయ పశుసంపద మిషన్‌లో గుర్రాలను, గాడిదలను, కంచర గాడిదలను, ఒంటెలను చేర్చి, 50 లక్షల రూపాయల వరకు 50 శాతం పెట్టుబడి రాయితీ ప్రకటించింది. దరఖాస్తు చేసినవారు ఎవరైనా ఉన్నారా?

తెనాలి అశ్వశాల: రాయితీతో మందను పెంచవచ్చు గానీ నాకిప్పుడు కావలసింది కొనేవారు. పాడేరు మిత్రమా, మీ సంతలో బరువు మోయడం నేర్చిన జంతువునే అడుగుతారా, నేర్పనిదాన్ని కూడా కొంటారా?

నరసరావుపేట పాతకాపు: పరీక్ష పత్రం నేనూ అడుగుతాను. దేవమణి మాట మాత్రం వెనక్కి తీసుకోను.