కిలికించితం: ‘జాణవులే’ పాటలో ఇన్నాళ్లూ పట్టించుకోని మాట

‘ఆదిత్య 369’ చాలా ఏళ్ల తర్వాత మళ్లీ చూశాను. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారు తీసిన ఈ సినిమా చిన్నప్పుడు నాకు టైమ్ మిషనే. అది ఎక్కినవాళ్లు తిరిగి ఇంటికి చేరతారా లేదా అని ఒకటే టెన్షన్. ఈసారి కథ 1526కి, రాయల కాలానికి వెళ్లాక వచ్చే పాట దగ్గర ఆగిపోయాను. మళ్లీ వెనక్కి తిప్పి విన్నాను.

వేటూరి గారి పల్లవి: “జాణవులే నెరజాణవులే వరవీణవులే కిలికించితాలలో”.

కిలికించితాలంటే కిలకిల నవ్వులని ఇన్నాళ్లూ అనుకున్నాను. అది అలంకారశాస్త్రంలోని మాట. నాయికకు సహజంగా ఉండే పది హొయలను ధనంజయుడనే పండితుడు తన నాటకశాస్త్ర గ్రంథం దశరూపకంలో చెప్పాడు. లీల, విలాసం, విచ్ఛిత్తి, విభ్రమం తర్వాత వచ్చేది ఇదే. కోపం, కన్నీరు, సంతోషం, భయం కలగలిసిపోతే కిలికించితం. సాహిత్యదర్పణం అనే కావ్యశాస్త్ర గ్రంథంలో విశ్వనాథుడు ఇంకా విడమరిచాడు: ఇష్టమైనవాడు ఎదురైన ఆనందంలో చిరునవ్వు, నవ్వు, బెదురు, కోపం, అలసట, ‘శుష్కరుదితం’ అన్నీ ఒకేసారి రావడం. శుష్కరుదితం అంటే కన్నీళ్లు లేని ఏడుపు. ఆ ఒక్క మాటకే నేను పడిపోయాను.

ఇది తెలిశాక ‘వరవీణవులే’ కూడా వేరేలా వినబడింది. ఒకే వీణ మీద వేలు జరిగినకొద్దీ స్వరం మారినట్టు ఒకే ముఖంలో ఇన్ని భావాలు. కాబట్టి ‘కిలికించితాలలో నువ్వు వీణవు’ అని నా అన్వయం. పెద్దలు సరిదిద్దాలి.

— ఒక పాఠకుల వ్యాఖ్య: మీ అన్వయం నాకు నచ్చిందండి. ‘నెరజాణ’ గురించి ఒక మాట. పాత రాతలో ఇది ‘నెఱజాణ’, బండి ఱ. నెఱ అంటే నిండైన, పూర్తి అయిన. నెరవేరడంలో ఉన్నదీ అదే. జాణ అంటే తెలిసినవాడు, నేర్పరి. కన్నడంలో ఇప్పటికీ తెలివైన పిల్లవాణ్ణి ‘జాణ’ అని మెచ్చుకుంటారు. మన దగ్గరేమో ఆడవాళ్ల విషయంలో వాడి, అందులో కాస్త గడుసుదనం కలిపేశాం. పాటలోని జాణను పాత అర్థంలోనే తీసుకోవాలి. లేకపోతే పక్కనే ఉన్న వీణ పొసగదు.

— ఇంకో వ్యాఖ్య: శుష్కరుదితానికి మనకు ‘దొంగేడుపు’ ఉంది కదా?

— నా జవాబు: అది సరిపోదనిపిస్తోందండి. దొంగేడుపులో ఎదుటివాణ్ణి నమ్మించాలన్న ఎత్తు ఉంటుంది. ఇక్కడ ఎత్తేమీ లేదు, సంతోషం పట్టలేక వచ్చిన ఏడుపు ఇది. చిన్నపిల్లలు ఆటలో ఏడుస్తారే, ‘ఉత్తుత్తి ఏడుపు’, అది కొంత దగ్గర. కాకపోతే అందులో సంతోషం ఉన్నా కోపం, బెదురు ఉండవు. అవన్నీ కలిపి చెప్పే అచ్చతెలుగు మాట నాకు దొరకలేదు.

బండి ఱ సంగతి చెప్పినందుకు కృతజ్ఞతలు. ‘నెరజాణ’లోని ‘నెర’ ఏదో అలంకారానికి వేసిన మాట అనుకున్నాను.

ఇంకొక్కటి. ఈ సినిమా 2504కి కూడా వెళ్తుంది. అప్పట్లో నాకు బాగా నచ్చినవి ఆ దృశ్యాలే. ఇప్పుడు వాటిలో సెట్టింగు సెట్టింగులాగే కనబడుతోంది. రాయల కాలం మాత్రం నిజంగా దగ్గరికొచ్చింది, అదీ నాలుగు మాటల పల్లవి వల్ల. ధనంజయుడు చెప్పిన మిగతా హొయల్లో మోట్టాయితం (ప్రియుడి మాట వస్తే మనసు బయటపడిపోవడం), కుట్టమితం (లోపల ఇష్టమున్నా పైకి కోపం), బిబ్బోకం (గర్వంతో ఇష్టమైనవాణ్ణే లెక్కచేయకపోవడం) కూడా ఉన్నాయి. వీటిని సినిమా పాటలో ఎవరైనా వాడారా? మీకు గుర్తుంటే ఇక్కడ రాయండి, తప్పకుండా వింటాను.