ఆపిల్ క్రంబుల్: పైన అట్టు కట్టింది, అడుగున నీళ్లు. తేడా ఎక్కడ?

ఓటీజీ_కొత్త:
ఆపిల్ ముక్కల మీద మైదా, బటర్ పొడి చల్లి ఓవెన్‌లో కాల్చే తీపి వంటకం, క్రంబుల్ చేశాను. 8 అంగుళాల చదరపు గాజు గిన్నె. సన్నగా తరిగిన సిమ్లా ఆపిల్స్ 700 గ్రాములు, పంచదార 4 పెద్ద చెంచాలు. పైకి మైదా 150 గ్రా., పంచదార 75, కరిగించిన బటర్ 75. 180 డిగ్రీల్లో 25 నిమిషాలు. పైన బిస్కెట్‌లా గట్టి అట్టు, కింద పలచటి నీళ్లు. పొడిపొడిగా, కరకరలాడుతూ రావాలంటే ఏం మార్చాలి?

పిండివంట:
పైపొర కొలతల్లో తప్పు లేదండీ. మైదా రెండు పాళ్లు, బటర్ ఒకటి, పంచదార ఒకటి. ఇంగ్లండులో ఇళ్లలో చేసే లెక్క అదే. తేడా అంతా ఆ "కరిగించిన" దగ్గరే. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన బటర్‌ను చిన్న ముక్కలుగా కోసి, మైదాలో వేసి వేళ్ల కొసలతో నలపండి. అరచేయి తగలనివ్వకండి, ఆ వేడికే మెత్తబడుతుంది. మన ఎండాకాలంలో అయితే 20 నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టి తురుముకోవడం మేలు. బొంబాయి రవ్వలా అయ్యాక పంచదార కలపాలి. పిడికిట పడితే సున్నుండలా నిలవాలి, వేలితో తాకితే విడిపోవాలి. శనగగింజంత ఉండలు కొన్ని మిగిలితే వదిలేయండి, పంటికింద కరకరలాడేవి అవే. పండు మీద చల్లి ఊరుకోండి. అదిమితే ఆవిరి బయటికి పోయే దారి లేక పైపొర కాలడానికి బదులు ఉడుకుతుంది.

తీపిపిచ్చి:
నీళ్ల సంగతి వేరు. ఆపిల్ సన్నగా తరిగితే గుజ్జయిపోతుంది, 2 సెంటీమీటర్ల ముక్కలు కోయండి. పంచదార పండులోని నీటిని లాగేస్తుంది కాబట్టి కలిపి నానబెట్టకుండా వెంటనే ఓవెన్‌లో పెట్టాలి. సిమ్లా ఆపిల్‌కు తీపి ఎక్కువే, రెండు పెద్ద చెంచాలు చాలు. పులుపు కోసం ఒక పెద్ద చెంచా నిమ్మరసం, చిక్కదనానికి రెండు టీస్పూన్ల కార్న్‌ఫ్లోర్, అర టీస్పూన్ దాల్చినచెక్క పొడి.

25 నిమిషాలు చాలవు. ఓవెన్‌లో పైదీ కిందిదీ రెండు రాడ్లూ వేసి, మధ్య అరలో 40 నుంచి 45 నిమిషాలు. రంగు చూసి తీసేయకండి. అంచుల్లో రసం చిక్కగా బుడగలు రావాలి, అంతవరకూ కార్న్‌ఫ్లోర్ ఉడకనట్టే. పైన ముందే మాడుతుంటే అల్యూమినియం ఫాయిల్ వదులుగా కప్పండి. తీశాక 15 నిమిషాలు ఆగితే రసం ఇంకా గట్టిపడుతుంది.

ఓటీజీ_కొత్త:
బటర్ బదులు ఇంట్లో నెయ్యి పనికొస్తుందా? మామిడితో చేయొచ్చా?

పిండివంట:
బటర్‌లో కొవ్వు 80 శాతం, మిగతాది చాలావరకు నీరు. కాబట్టి 75 గ్రాముల బటర్‌కు 60 గ్రాముల నెయ్యి సరిపోతుంది. ఫ్రిజ్‌లో గట్టిపడ్డాకే నలపాలి. కాస్త ఇసుకలా వస్తుంది, ఉండలు తక్కువ. నా ఓటు బటర్‌కే. ఉప్పు బటర్ అయితే వేరే ఉప్పు వేయకండి.

తీపిపిచ్చి:
నెయ్యి వాసన దాల్చినచెక్కకు బాగా నప్పుతుంది, నేను ఒప్పుకోను! మామిడికి బాగా మగ్గిన బంగినపల్లి వద్దు, నీరు కారిపోతుంది. గట్టిగా ఉన్న దోరపండు తీసుకుని కార్న్‌ఫ్లోర్ ఒక పెద్ద చెంచాకు పెంచండి. ఇంకోటి, సిద్ధం చేసి ఫ్రిజ్‌లో పెట్టిన గాజు గిన్నెను నేరుగా వేడి ఓవెన్‌లోకి తోయకండి, పగులుతుంది.