స్నేహితురాలితో పూతరేకుల వ్యాపారం: మాట మీద నడపాలా, కాగితం రాసుకోవాలా?

మాది ఆత్రేయపురం దగ్గర కాలవగట్టు ఊరు. మూడేళ్లుగా ఇంట్లోనే పూతరేకులు చుడుతున్నా. రేకులు నేను తీయను, అది మా వీధి చివర పిన్నిగారి పని. చుట్టరికమేం లేదు, పిలుపే. బోర్లించిన కుండ కింద కొబ్బరిమట్టల మంట పెట్టి, జారుగా రుబ్బిన బియ్యప్పిండిలో గుడ్డ ముంచి కుండ మీద అలా పరిచి లాగేస్తారావిడ. రెప్ప వేసేలోగా రేకు తేలుతుంది. నేనూ ఓ రోజు కూర్చున్నా. పన్నెండు తీస్తే పన్నెండూ చిరిగాయి, వేళ్లు కాలాయి. అప్పటినుంచి నెయ్యి రాసి, పంచదారో బెల్లంపొడో చల్లి చుట్టడం వరకే నా పని. బాక్సులు కట్టి రావులపాలెంలో బస్సుకి వేస్తా. హైదరాబాద్‌లో నా ఇంటర్ స్నేహితురాలు తన అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో ఆర్డర్లు పట్టి డబ్బు వసూలు చేస్తుంది. మూడిళ్లలో ముగ్గురు ఆడవాళ్లం. ఆఫీసంటూ ఏమీ లేదు.

పోయిన శ్రావణంలో చిక్కొచ్చింది. మూడు రోజులు ముసురు. మట్టలు తడిసి మంట నిలవలేదు. సరిగ్గా అప్పుడే తను ఎవరిదో గృహప్రవేశానికి 60 బాక్సులు ఒప్పేసుకుని, డబ్బు మొత్తం ముందే తీసేసుకుంది. మా బాక్సుకి పది చుట్లు, ఒక్కో చుట్టకి రెండు రేకులు, అంటే 1200 రేకులు కావాలి. నాతో చెప్పింది ఒప్పుకున్నాక. "నీకేముందే, ఇంట్లోనే ఉంటావుగా" అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

పిన్నిగారి దగ్గరికి పరిగెడితే, ఉన్న రేకులన్నీ అప్పటికే రోడ్డు మీద షాపుకి వెళ్లిపోయాయి. ఆవిడ కూతురి పురుడుకి షాపాయన పదివేలు సర్దాడట. ఆ బాకీ రేకుల్లో తీరుతోంది. ఆవిణ్ణేం అనగలను? నాలుగిళ్లు తిరిగి, దొరికినవి కొని 41 బాక్సులు పంపా. 19 బాక్సుల డబ్బు వెనక్కివ్వాల్సొచ్చింది. అది ఎవరి వాటాలోంచి పోవాలో తెలీక నాలుగు రోజులు మా ఇద్దరికీ మాటల్లేవు.

ఇప్పుడు తనే "సగం సగం పార్ట్‌నర్‌షిప్ పెట్టుకుందాం" అంటోంది. సంతోషంగానే ఉంది, టెన్షన్‌గానూ ఉంది. కాగితం రాసుకుందామంటే నమ్మకం లేదనుకుంటుందేమో. మా అత్తగారు "స్నేహితుల మధ్య పద్దులేంటే" అంటున్నారు. ఆవిడ సంగతి వేరు. నేను చేతులకి నెయ్యి పూసుకుని కూర్చున్నప్పుడే చుట్టాలొస్తారు, కోడలు ఖాళీయే కదా అని కాఫీకి కూర్చోబెడతారు. ఇలాంటివి దాటొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

నరసాపురం లేసు

నాది లేసు పనండి, అమ్మ కాలం నుంచి. ఇళ్లకి దారం ఇచ్చి అల్లిన ముక్కలు తెచ్చుకుంటాం. మీ స్నేహితురాలి సంగతి పక్కన పెట్టండి, ముందు పిన్నిగారిని చూసుకోండి. షాపాయన మీద కోపమెందుకు? ఆవిడకి అవసరమొచ్చిననాడు ఆయన ఉన్నాడు. మీరు ఆర్డరొచ్చిననాడే కనబడతారు.

రేకుకి పావలా ఎక్కువిస్తే మీతో ఉండిపోతారనుకోకండి. బేరం లేని నెలల్లో కూడా వారానికి ఇన్ని తీసుకుంటానని చెప్పి తీసుకోండి. డబ్బు అదే రోజు చేతిలో పెట్టండి. రెండోసారి తిప్పించుకోకండి. నేను ఒక పొరపాటు చేశా. ఒకావిడ అల్లిన టేబుల్ క్లాత్‌లో ఓ పువ్వు తేడాగా ఉందని అరుగు మీద నలుగురి ముందూ విప్పించా. ఆవిడ మాట్లాడకుండా విప్పింది, దారం చుట్టి నా ఒళ్లో పెట్టి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి ఆవిడా రాలేదు, పక్కింటి ఇద్దరూ రాలేదు. మళ్లీ వాళ్ల గుమ్మం తొక్కడానికి నాకు సంవత్సరం పట్టింది.

తణుకు పద్దులు

లెక్కలు రాసుకునేవాణ్ణి, నా వైపు మాట చెబుతా. కాగితం లేకపోయినా భాగస్వామ్యం భాగస్వామ్యమే. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం వాటాలు మాట్లాడుకోకపోతే లాభమూ నష్టమూ సమానం. వ్యాపారం పేరు మీద మీ స్నేహితురాలు చేసిన బాకీకి మిమ్మల్నీ పట్టుకోవచ్చు. ఫర్మ్ రిజిస్టర్ చేయించకపోతే, ఒప్పందం తప్పారని బయటివాళ్ల మీద ఫర్మ్ తరఫున దావా వేయడం కుదరదు.

అసలు మీకు పార్ట్‌నర్ కావాలా అమ్మా? ఆవిడ అమ్మిపెడుతున్నారు, మీరు చేస్తున్నారు. బాక్సుకి ఇంత కమిషన్ అని రాసుకుంటే చాలు కదా. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ మాత్రం అమ్మేవాళ్లకీ ఉండాలి, మీ ఒక్కరికుంటే చాలదు. ఇంకోటి, ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు, వచ్చింది. అది వచ్చింది కదా అని బాక్సు మీద ఆ ముద్ర కొట్టించకండి, అధీకృత వినియోగదారుగా నమోదయ్యాకే వాడాలి.

అమలాపురం ఆడపడుచు, కూకట్‌పల్లి

నేను మీ స్నేహితురాలి వైపు మనిషిని. మా అమ్మ పెట్టే అప్పడాలు, ఒడియాలు ఇక్కడ అమ్ముతా. మీరనుకుంటున్నారు ఆర్డర్ పట్టడమంటే ఫోన్లో మెసేజ్ కొట్టడమే అని. బస్సు తెల్లారగట్ల నాలుగున్నరకి దిగుతుంది, పార్సిల్ కోసం చలిలో నిలబడేది నేను. అప్పడం విరిగిందని రాత్రి పదింటికి ఫొటో పెడితే సమాధానం చెప్పేదీ నేనే.

మొత్తం డబ్బు ముందే తీసుకోవడం తన తప్పే, ఒప్పుకుంటా. కానీ అక్కా, రోజుకి ఎన్ని బాక్సులు చుట్టగలవో, ఇంట్లో ఎన్ని రేకులున్నాయో తనకెప్పుడైనా చెప్పావా? మా అమ్మ రోజూ సాయంత్రం ఓ వాయిస్ మెసేజ్ పెడుతుంది: "ఎండలేదు, మినప ఒడియాలు రెండు కిలోలే." అది వినకుండా నేను ఒక్క ఆర్డరూ ఒప్పుకోను.

ప్రశ్న అడిగినామె, పది రోజుల తర్వాత

అందరికీ దణ్ణం. నరసాపురం ఆవిడ మాట ఆ రోజంతా కోపం తెప్పించింది. రాత్రి నిద్ర పట్టలేదు, నిజమే కాబట్టి.

మా సావిడి సగం ఖాళీ చేసి మట్టలు పేర్పించా, ముసురొచ్చినా పొడిగా ఉంటాయి. వారానికి 400 రేకులు బేరమున్నా లేకపోయినా తీసుకుంటానన్నా. షాపాయన బాకీ తీరేదాకా ముందు ఆయనకే వెయ్యమని నేనే చెప్పా. పిన్నిగారు అవునూ అనలేదు, కాదూ అనలేదు. వెళ్లేటప్పుడు ఓ పాతిక రేకులు విడిగా గుడ్డలో చుట్టి ఇచ్చారు, లెక్కలో వెయ్యొద్దన్నారు.

స్నేహితురాలికి ఫోన్ చేసి, సగం సగం వద్దు, బాక్సుకింత తీసుకో అన్నా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నేనూ ఓ నోట్‌బుక్‌లో రాస్తున్నానే, నీకు చూపించడానికి మొహమాటం" అంది. ఫొటోలు పెట్టింది. ఆటో ఖర్చులన్నీ ఉన్నాయి, పాపం ఒక్కటీ అడగలేదు నన్ను. రోజుకి 20 బాక్సులు దాటితే నన్నడక్కుండా ఒప్పుకోకూడదని, అడ్వాన్సు సగమే తీసుకోవాలని ఇద్దరం వాట్సాప్‌లోనే రాసుకున్నాం. స్టాంపు పేపరు దాకా ఇంకా వెళ్లలేదు. తణుకు గారు తిట్టకండి.

19 బాక్సుల డబ్బు సగం తను భరిస్తానంటోంది, నేను వద్దంటున్నా. అది ఇంకా తేలలేదు. మా అత్తగారు మాత్రం నిన్న ఎవరో వస్తే గుమ్మంలోనే ఆపి "కోడలు డ్యూటీలో ఉంది, నాలుగింటికి రండి" అన్నారట.