పీడీఎఫ్ నొక్కితే లిబ్రేఆఫీస్ డ్రా వస్తోంది, డ్రా తీసెయ్యొచ్చా?

అరండల్‌పేట డీటీపీ:
గుంటూరులో మా షాపు సిస్టమ్‌లలో డెబియన్ 12 లినక్స్, గ్నోమ్ డెస్క్‌టాప్ వేశాం. కస్టమర్ పంపిన పీడీఎఫ్ మీద డబుల్ క్లిక్ చేస్తే లిబ్రేఆఫీస్‌లో బొమ్మలు గీసే డ్రాలో తెరుచుకుంటోంది. మొన్న పెళ్లికార్డు ప్రూఫ్‌లో తెలుగు ఒత్తులన్నీ చెల్లాచెదురు. పెళ్లికొడుకు నాన్నగారు "ఇది మేం పంపింది కాదండీ" అని ఒకటే గొడవ. డ్రా మాకెందుకూ పనికిరాదు. తీసేస్తే ఇంకేమైనా పోతాయా?

బెంజ్ సర్కిల్ అడ్మిన్:
తీయకండి సార్. స్లైడ్లు చేసే ఇంప్రెస్‌కి డ్రా ఉండి తీరాలి, కాబట్టి డ్రాతో పాటు అదీ పోతుంది. మిగతా ప్యాకేజీల్ని కలిపి పట్టి ఉంచే లిబ్రేఆఫీస్ అనే మెటాప్యాకేజీ కూడా పోతుంది. పీడీఎఫ్ ఎందులో తెరుచుకోవాలన్నదే కదా మీ గొడవ, దానికి ప్యాకేజీల జోలికి పోనక్కర్లేదు. ఫైల్ మీద రైట్ క్లిక్ కొట్టి, ఓపెన్ విత్‌లో డాక్యుమెంట్ వ్యూయర్ ఎంచుకుని, ఈ రకం ఫైళ్లకి ఎప్పుడూ ఇదే అనే మీట ఆన్ చేయండి. హోమ్‌లో దాగి ఉండే కాన్ఫిగ్ ఫోల్డర్‌లో మైమ్‌యాప్స్ అనే లిస్టు ఫైలుంటుంది, అందులో ఒక్క లైను పడుతుంది, అంతే. ఇది ఏ యూజర్‌కి ఆ యూజర్‌కే. మీ కుర్రాళ్లకి వేరే లాగిన్లుంటే వాటిలోనూ చేసుకోవాలి.

తెనాలి టర్మినల్:
అన్న చెప్పింది వినండి. విజయవాడ గవర్నర్‌పేటలో మా బావ వాళ్ల షాపులో పోతన, వేమన ఫాంట్లు వాడట్లేదని ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా ప్యాకేజీ తీసేశారు. దాంతో పాటు ఫాంట్స్-తెలు కూడా పోతుందని, ప్యాకేజీలు వేసి తీసే ఆప్ట్ అడిగింది. పేరు చిన్నదే కదా అని వై కొట్టారు. అది మెటాప్యాకేజీ, దాని పొట్టలో ఫాంటేమీ ఉండదు, మిగతావాటిని పట్టి ఉంచడమే దాని పని. తర్వాత ఇంకెవరో, ఇక అక్కర్లేని ప్యాకేజీల్ని ఊడ్చేసే ఆటోరిమూవ్ నడిపారు. లోహిత్ తెలుగు ఫాంట్ కూడా ఎగిరిపోయింది! ఎందుకంటే లోహిత్‌ని ఎవరూ అడిగి వేయలేదు, ఫాంట్స్-తెలు వెంట వచ్చింది, దాని మీద "ఆటో" ముద్ర ఉంది. లోహిత్‌లో కట్టిన పుస్తకం వేరే ఫాంట్‌లో తెరుచుకుని పేజీలన్నీ జరిగిపోయాయి.

నేను వెళ్లి వార్‌లో లాగ్ ఫోల్డర్, అందులో ఆప్ట్, అందులో హిస్టరీ ఫైలు తెరిచా. ఏ రోజు ఏ కమాండ్‌తో ఏవి పోయాయో వరసగా ఉంటాయి. లోహిత్‌ని పేరు పెట్టి ఇన్‌స్టాల్ చేశా. అలా వేస్తే "మాన్యువల్" ముద్ర పడుతుంది, ఇక ఆటోరిమూవ్ దాన్ని ముట్టుకోదు. ఇప్పటికే ఉన్నదాన్ని కాపాడుకోవాలంటే ఆప్ట్-మార్క్ మాన్యువల్ అని దాని పేరు ఇస్తే చాలు.

బ్రాడీపేట బీటెక్:
పైథాన్ వెర్షన్ కూడా ఇలాగే డీఫాల్ట్ మార్చుకోవచ్చా అన్నా? ఉబుంటు 22.04లో 3.10 ఉంది, ల్యాబ్‌లో 3.12 అడుగుతున్నారు. ఒక కమాండ్‌కి ఏ ప్రోగ్రాం రావాలో మార్చే అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్‌తో మార్చమని ఒక వీడియోలో చూశా.

బెంజ్ సర్కిల్ అడ్మిన్:
వద్దు తమ్ముడూ, ఆ వీడియో జోలికి పోకు. ఎడిటర్‌కో, జావాకో అయితే ఆల్టర్నేటివ్స్ హాయిగా వాడుకో, అది ఉన్నదే అందుకు. పైథాన్3 సిస్టమ్ సొత్తు. ఉబుంటులో టర్మినల్‌ని లేపే స్క్రిప్టు కూడా పైథానే, దానికి కావాల్సిన మాడ్యూళ్లు 3.10 కోసం కట్టినవి. పైథాన్3 లింకు 3.12కి తిప్పావంటే టర్మినల్ తెరుచుకోదు, కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3 కొట్టి నల్ల తెరలో కూర్చుని లింకు వెనక్కి తిప్పుకోవాలి. 3.12ని పక్కన విడిగా పెట్టుకుని, దానితో వీఎన్వ్ (ఆ ప్రాజెక్టుకే విడిగా ఉండే పైథాన్ ఫోల్డర్) చేసుకుని, నీ ప్రాజెక్టు అందులో నడుపు.

అరండల్‌పేట డీటీపీ:
పీడీఎఫ్ సరైపోయింది, కుర్రాడి లాగిన్‌లోనూ పెట్టా. ఇంకొక్కటి: ఏదైనా తీసేముందు ఏం పోతాయో చూసే దారి ఉందా? వై కొట్టేదాకా ఆగాలంటే భయంగా ఉంది.

తెనాలి టర్మినల్:
ఆప్ట్ రిమూవ్‌కి హైఫన్ ఎస్ తగిలించండి. నిజంగా తీయదు, ఏవి పోతాయో పేర్లు మాత్రం చూపిస్తుంది. సుడో (అడ్మిన్ అనుమతి) కూడా అక్కర్లేదు. ఆ జాబితాలో డెస్క్‌టాప్ అనో, గ్నోమ్ అనో పేరు కనిపిస్తే మాత్రం ముందు ఇక్కడ పోస్ట్ చేయండి.