హెవీ డ్రైవింగ్ ఉచితంగా నేర్పి మూడేళ్ల బాండు రాయించుకోవడం న్యాయమేనా?

కొల్లేటి గాలి
మా తమ్ముడికి 22 ఏళ్లు. డిగ్రీ మధ్యలో ఆపేశాడు. కారు లైసెన్సు ఉంది, ధ్యాసంతా లారీల మీదే. ఒక లాజిస్టిక్స్ కంపెనీ రెండు నెలలు ట్రైనింగ్ ఇస్తామంటోంది. హాస్టల్, భోజనం, హెవీ లైసెన్సు ఖర్చు అన్నీ వాళ్లవే. ఆ తర్వాత మూడేళ్లు వాళ్ల బండ్లే నడపాలి. ఎప్పుడు మానేసినా లక్షన్నర కట్టాలి. మొదటి ఆరు నెలలు సీనియర్ డ్రైవర్‌తో కలిసి సగం జీతానికి తిరగాలి. సంతకం చేసిన ఖాళీ చెక్కులు రెండు, టెన్త్ మెమో ఒరిజినల్ వాళ్ల దగ్గర పెట్టాలి.

"ఎదురు ఖర్చు పెట్టి పని నేర్పుతామంటే ఇంకా ఆలోచన దేనికి" అంటున్నారు నాన్న. నాకు ఆ చెక్కులంటేనే భయంగా ఉంది. ఇలాంటి బాండు న్యాయమేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఆటోనగర్ ఓనర్
బాండు అనగానే కంపెనీని దొంగలా చూడకండి. విజయవాడలో నాకు కొన్ని లారీలున్నాయి. డ్రైవర్ దొరక్క బండి షెడ్డులో నిలబడితే ఏమవుతుందో నాకు తెలుసు. ఈఎంఐ ఆగదు, ఇన్సూరెన్స్ ఆగదు, రోడ్ టాక్స్ ఆగదు. పాతకాలంలో కుర్రాడు క్లీనర్‌గా ఎక్కి, ఏళ్ల తరబడి డ్రైవర్ పక్కన కూర్చుని, ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ పట్టుకుని నేర్చుకునేవాడు. ఇప్పుడు క్లీనర్ పనికి వచ్చేవాళ్లే తగ్గిపోయారు. అందుకే కంపెనీలు డబ్బు పెట్టి నేర్పాల్సి వస్తోంది.

నేర్చుకున్న మర్నాడే పక్క ట్రాన్స్‌పోర్ట్ వాడు రెండు వేలు ఎక్కువిస్తానంటే వెళ్లిపోతాడు. నేర్పినవాడికి నష్టం, నేర్పనివాడికి లాభం. బాండు లేకపోతే ఇక ఎవరూ నేర్పరు. మీ తమ్ముడి చేతికి జీవితాంతం పనికొచ్చే లైసెన్సు వస్తోంది కదండీ, మూడేళ్లు పెద్ద లెక్కా?

స్టీరింగ్ మాస్టారు
ఓనర్ గారి బాధ నిజమే, కానీ ఖర్చు ఎంతో చూద్దాం. డ్రైవింగ్ స్కూలు రూల్స్ ప్రకారం ట్రాన్స్‌పోర్ట్ బండికి కనీసం 30 రోజులు, అందులో 15 గంటలు స్టీరింగ్ మీద ఉండాలి. అంతకుముందు ఏడాది పాటు లైట్ వెహికల్ లైసెన్సు ఉండాలి, వయసు 20 నిండాలి. మీ తమ్ముడికి ఆ ఇబ్బంది లేదు. ఈ కోర్సుకీ ఆర్టీఏ ఫీజులకీ లక్షన్నర ఎక్కడా కాదు. సిరిసిల్ల దగ్గర మండేపల్లిలో డ్రైవింగ్ శిక్షణ సంస్థ ఉంది. ఆంధ్రాలో ఆర్టీసీ కూడా హెవీ డ్రైవింగ్ నేర్పుతోంది. అక్కడ ఫీజు ఎంతో కనుక్కోండి, కంపెనీ లెక్కలో నిజమెంతో తేలిపోతుంది.

అయితే ఒక మాట. పదిహేను గంటలతో లారీ డ్రైవర్ తయారవడు. దోర్నాల-శ్రీశైలం ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టకుండా గేరు మీద బండిని ఆపుకుంటూ రావడం, లోడు మీద పట్టా కట్టడం, గోడౌన్‌లో అద్దాలు చూసుకుంటూ రివర్స్ తీయడం, హైవే మీద రాత్రి రెండింటికి కునుకు పడుతుంటే బండి పక్కకు తీసి ఆపేసే ధైర్యం, ఇవన్నీ పక్కన మంచి సీనియర్ ఉంటేనే వస్తాయి. కంపెనీ ఆ ఆరు నెలలు నిజంగా నేర్పిస్తే దానికి విలువ ఉంది. చాలాచోట్ల ఆ పేరుతో క్లీనర్ పనీ, రాత్రి డ్యూటీ చేయిస్తారు. సీనియర్ పడుకుంటాడు, కుర్రాడు నడుపుతాడు. ఆ ఆరు నెలలూ బండి లోడుతోనే తిరుగుతుంది, కిరాయి కంపెనీకే వస్తుంది. సగం జీతం ఇచ్చి కిరాయి తీసుకుంటూ, దాన్నే మళ్లీ శిక్షణ ఖర్చని బాండులో ఎలా రాస్తారు?

లేబర్ కోర్టు వకీలు
చట్టం సంగతి చెబుతాను. బాండు మొత్తంగా చెల్లదనుకోకండి. విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు 2025 మేలో మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతును సమర్థించింది. అయితే అది ప్రభుత్వ బ్యాంకు, అక్కడివాడు సీనియర్ మేనేజర్, మళ్లీ నియామకం చేసుకోవడానికి అయ్యే ఖర్చును కోర్టు లెక్కలోకి తీసుకుంది. లారీ కుర్రాడి సంగతి వేరు.

కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కాగితం మీద లక్షన్నర అని రాసున్నా, కోర్టు ఇప్పించేది న్యాయమైన పరిహారమే, ఆ అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. పని మానేసినవాణ్ణి తిరిగి వచ్చి నడపమని కోర్టు బలవంతం చేయదు.

అసలు ప్రమాదం బాండులో లేదు, చెక్కుల్లో ఉంది. బాండు మీద కేసు వేస్తే కంపెనీ సివిల్ కోర్టుకు వెళ్లాలి, ఏళ్లు పడుతుంది, ఎంత ఖర్చు పెట్టిందో చూపించాలి. చెక్కు బౌన్స్ అయితే చెక్కుల చట్టం (నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్ట్) 138వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు. ఖాళీ చెక్కు అయినా సరే, ఇష్టపూర్వకంగా సంతకం చేసి ఇస్తే అది బాకీ కోసమే ఇచ్చారన్న భావన వర్తిస్తుందని 2019లో బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే బాకీ లేదని రుజువు చేసుకునే భారం మీ తమ్ముడి మీద పడుతుంది. వాళ్లు ఎంత రాసుకుంటారో మీకు తెలియదు. మిగతా అన్నిటికీ ఒప్పుకున్నా, దీనికి మాత్రం ఒప్పుకోవద్దు.

ఇంకో విషయం. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఇప్పుడు ఉద్యోగికి అపాయింట్‌మెంట్ లెటర్ ఇచ్చి తీరాలి. జీతంలో కోతలన్నీ కలిపి సగం దాటకూడదు. బాండు ఒక్కటే చూపించి లెటర్ చూపించకపోతే అక్కడే ఆగండి.

జగిత్యాల – షార్జా
అన్నా, గల్ఫ్‌లోనూ ఇదే కథ. మన ఇండియా హెవీ లైసెన్సు యూఏఈలో నడవదు. ఇక్కడ మళ్లీ క్లాసులు, మళ్లీ టెస్టులు. ఫీజు కంపెనీ కట్టి, తర్వాత జీతంలో కోస్తుంది. టెస్టు ఫెయిలైతే ఆ ఫీజు కూడా మన నెత్తిమీదే. మా క్యాంపులో ఒక పిల్లోడు వరుసగా ఫెయిలై, జీతం కళ్లచూడకుండానే అప్పులో పడ్డాడు. ఇంటి దగ్గర ఏజెంటుకు తెచ్చిన వడ్డీ అప్పు వేరే. ఆ పిల్లోడి మొహం చూస్తే కడుపు తరుక్కుపోయేది.

ఇక్కడి 2021 నాటి లేబర్ చట్టంలో పాస్‌పోర్టు, కాగితాలు కంపెనీ పట్టుకోవద్దని రాసి ఉంది. అయినా పట్టుకునేవాళ్లు ఉన్నారు. కాగితం వాళ్ల చేతిలో ఉంటే మనం నోరెత్తలేం, నిద్ర లేకుండా నడపమన్నా నడుపుతాం. టెన్త్ మెమో అస్సలు ఇవ్వకండి. చూపించండి, జిరాక్స్ ఇవ్వండి, అంతే.

డాలస్ హైవే
అమెరికాలో ట్రక్కింగ్ కంపెనీలు ఎప్పటినుంచో ఇలా ఉచిత ట్రైనింగ్ ఇచ్చి, మధ్యలో మానేస్తే వేల డాలర్లు కట్టమంటున్నాయి. న్యూ ప్రైమ్ అనే కంపెనీ మీద ఒలివేరా అనే డ్రైవర్ వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ట్రైనింగ్ పేరుతో పదివేల మైళ్లు జీతం లేకుండా నడిపించారని ఆయన ఆరోపణ. కోర్టుకు కాదు, ఆర్బిట్రేషన్‌కే (ప్రైవేటు మధ్యవర్తి దగ్గరికే) పోవాలని కంపెనీ వాదిస్తే, 2019 జనవరిలో కోర్టు డ్రైవర్ పక్షాన నిలబడింది. మాస్టారు చెప్పిన సంగతి ఇక్కడా అదే, నేర్చుకునేవాడి చేత లోడు లాగించడం.

2026 జనవరి 1 తర్వాత రాసుకునే ఇలాంటి కాంట్రాక్టులను కాలిఫోర్నియా చాలావరకు నిషేధించింది. ఎక్కడైనా చెల్లే సర్టిఫికెట్ కోర్సు ఫీజు వరకు మినహాయింపు ఉంది, దానికీ షరతులున్నాయి. అసలు ఖర్చును మించకూడదు, పనిచేసే కొద్దీ బాకీ తగ్గుతూ రావాలి, తప్పు చేయనివాణ్ణి కంపెనీయే తీసేస్తే పైసా అడగకూడదు. మన దగ్గర అలాంటి చట్టం లేకపోయినా, ఇవే మాటలు బాండులో రాయమని అడగడానికి అడ్డేముంది?

ఆటోనగర్ ఓనర్
నెలనెలా తగ్గించే పద్ధతికి నాకు అభ్యంతరం లేదు, న్యాయంగానే ఉంది. ముప్ఫై నెలలు నమ్మకంగా చేసినవాడి దగ్గరా మొత్తం లక్షన్నర అడగడం నాకూ నచ్చదు. కానీ కుర్రాడు ఇరవై రోజులకే బండి దారిలో వదిలేసి ఫోన్ ఆపేస్తే నాకేది దిక్కు? చెక్కు లేకపోతే నేను ఏం పట్టుకోవాలి?

స్టీరింగ్ మాస్టారు
ష్యూరిటీ సంతకం తీసుకోండి, ఇంటి పెద్దతో మాట్లాడండి. అంతకన్నా ముందు కుర్రాళ్లు ఎందుకు పారిపోతున్నారో అడగండి సార్. 2024 జనవరిలో హిట్ అండ్ రన్ శిక్ష పదేళ్లంటే డ్రైవర్లు సమ్మె చేశారు, హైదరాబాద్‌లో పెట్రోల్ బంకుల ముందు క్యూలు కట్టారు జనం. డ్రైవర్ల భయం అంత ఉంది. యాక్సిడెంట్ అయితే స్టేషన్‌కు ఓనర్ వస్తాడా, బెయిలు ఎవరు చూస్తారు, బత్తా సరిగ్గా చేతికి వస్తుందా, ఇవి బాండులో ఒక్క లైనూ ఉండవు. కుర్రాడి బాధ్యతలే పేజీలకు పేజీలు.

కొల్లేటి గాలి
అందరికీ ధన్యవాదాలండి. ఈరోజు తమ్ముణ్ణి తీసుకుని వాళ్ల ఆఫీసుకు వెళ్లాను. మెమో జిరాక్స్ చాలన్నారు. లక్షన్నరను 36 నెలలకు పంచి తగ్గించడానికి పైవాళ్లను అడుగుతామన్నారు. చెక్కుల దగ్గర మాత్రం దిగట్లేదు, "అందరూ ఇచ్చారు, మీరొక్కరే" అంటున్నారు. బాండు కాపీ ఇంటికి ఇవ్వమంటే సంతకం అయ్యాక ఇస్తామన్నారు. తమ్ముడు ముఖం చిన్నబుచ్చుకున్నాడు. బ్యాచ్ సోమవారం మొదలట.

లేబర్ కోర్టు వకీలు
సంతకానికి ముందు కాపీ ఇవ్వని చోట సంతకం పెట్టించకండి. సోమవారం బ్యాచ్ పోతే ఇంకో బ్యాచ్ వస్తుంది, వాళ్లకూ డ్రైవర్లు కావాలి. కాపీ దొరికితే, బండికి డ్యామేజ్ అయినా, డీజిల్ షార్టేజీ వచ్చినా, టైరు పేలినా ఎవరు కట్టాలని రాశారో చూడండి. లక్షన్నర ఒకసారి వచ్చే బాకీ, ఇవి నెలనెలా పెరిగే బాకీలు. ఆ పేజీ ఫొటో తీసి, కంపెనీ పేరు కొట్టేసి ఇక్కడ పెట్టండి, చదివి చెబుతాను.