సిజేరియన్ తరువాత గర్భసంచిపై గుంట: ఒక వరుస కుట్లే కారణమా?

ప్రశ్న (ఒక తల్లి, హన్మకొండ)

14 నెలల క్రితం నాకు సిజేరియన్ జరిగింది. నొప్పులు పది గంటలు పడ్డాక, గర్భసంచి ముఖద్వారం 8 సెంటీమీటర్లు తెరుచుకున్నాక ఆపరేషన్‌కు తీసుకువెళ్లారు. ఇప్పుడు నెలసరి ముగిసినా నాలుగైదు రోజుల పాటు గోధుమరంగు మరకలు కనిపిస్తున్నాయి. పాత కోత దగ్గర 3 మిల్లీమీటర్ల లోతు గుంట ఉందని స్కానింగ్‌లో తేలింది. ఒక వరుస కుట్లే వేసినందువల్ల ఇలా అయిందని మా ఆడపడుచు గట్టిగా చెబుతున్నారు. అది నిజమేనా? రెండో బిడ్డ కోసం ప్రయత్నించవచ్చా?

సమాధానం (గైనకాలజిస్టు, గుంటూరు)

నమస్కారమండి. దీనిని నిష్ లేదా ఇస్త్మోసీల్ అంటారు. లోతు కనీసం 2 మిల్లీమీటర్లు ఉంటే ఆ పేరు పెడతారు. నెలసరి రక్తం కొంత ఆ గుంటలో నిలిచి, ఆ తరువాత మెల్లగా బయటకు రావడం వల్లనే మరకలు కనిపిస్తాయి. కుట్ల వరుసలనే తప్పుపట్టడం న్యాయం కాదు. నెదర్లాండ్స్‌లో మొదటి సిజేరియన్ అయిన రెండు వేలమందికి పైగా స్త్రీలపై జరిగి 2021లో వెలువడిన టూక్లోజ్ అధ్యయనంలో, ఒక వరుస వేసినవారికీ రెండు వరుసలు వేసినవారికీ మరకల రోజుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పైగా రెండు వర్గాల్లోనూ పదిమందిలో ఏడుగురికి గుంట ఉంది. ముఖద్వారం బాగా తెరుచుకున్నాక ఆపరేషన్ చేస్తే కోత కిందికి, గర్భాశయ కంఠం దగ్గరికి పడే అవకాశం ఎక్కువ, అక్కడ గాయం సరిగా అతుక్కోదని పరిశోధకులు భావిస్తున్నారు. మీ విషయంలో నాకు ముందుగా తోచేది ఇదే.

సమాధానం (ప్రసూతి విభాగంలో పీజీ విద్యార్థిని, హైదరాబాద్)

మేడమ్ గారి మాటతో ఏకీభవిస్తూనే ఒకటి చేర్చాలి. గుంట వేరు, తరువాతి కాన్పులో గర్భసంచిపై పాత కోత మచ్చ చిట్లడం వేరు. ఒక వరుస కుట్లు వేసినవారిలో చిట్లే ప్రమాదం దాదాపు నాలుగు రెట్లు ఉందని మాంట్రియల్ వైద్యులు 2002లో చూపారు. ఆ తేడా వరుసల సంఖ్య కంటే, ప్రతి కుట్టునూ లాక్ చేస్తూ (దారాన్ని ముందు కుట్టు ఉచ్చులోంచి దూర్చి) బిగించే పద్ధతి వల్ల వచ్చిందనే వాదన తరువాత బలపడింది, ఎందుకంటే మరీ బిగిస్తే కండరానికి రక్తప్రసరణ తగ్గుతుంది. మన దేశంతో సహా ఏడు దేశాల్లో పదిహేను వేలమందికి పైగా స్త్రీలపై జరిగిన కొరోనిస్ అధ్యయనం మూడేళ్ల తరువాత కూడా ఒక వరుస, రెండు వరుసల కుట్ల ఫలితాల్లో పెద్ద తేడా చూపలేదు. అయితే చిట్లడం అరుదు కాబట్టి అంతటి అధ్యయనం కూడా ఈ తగవును తీర్చలేకపోయింది.

సమాధానం (స్టాఫ్ నర్సు, ఖమ్మం)

అమ్మా, మీ ఆపరేషన్ నోట్సు నకలు తప్పక అడిగి తీసుకోండి. నా సొంత డిశ్చార్జి కాగితంలో ‘ఎల్.ఎస్.సి.ఎస్.’ (గర్భసంచి కింది భాగంలో సిజేరియన్) అన్న నాలుగు అక్షరాలే ఉన్నాయి. కోత అడ్డంగా పెట్టారా, నిలువుగా పైకి సాగిందా అన్నది రెండో కాన్పప్పుడు ఎవరూ చెప్పలేకపోయారు. తెలంగాణలో వంద కాన్పుల్లో అరవై సిజేరియన్లేనని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతున్నప్పుడు, ఈ వివరం ప్రతి తల్లి చేతిలోనూ ఉండాలి.

సమాధానం (గైనకాలజిస్టు, గుంటూరు)

నర్సు గారు చెప్పింది చాలా అవసరం. కోత కింది భాగంలో అడ్డంగా ఉంటే, సాధారణ కాన్పుకు ప్రయత్నించినవారిలో సుమారు 200 మందిలో ఒకరికి మచ్చ చిట్లుతుంది. నిలువు కోతకు ఆ ప్రమాదం ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి ఆ ప్రయత్నం వద్దంటాం. గుంట ఉన్నంత మాత్రాన బిడ్డ వద్దనుకోనక్కర లేదు. గర్భం నిలిచిన వెంటనే, ఆరేడు వారాలకే స్కానింగ్ చేయించుకుని, పిండం పాత మచ్చలో నాటుకోలేదని నిర్ధారించుకోండి.