అప్‌డేట్: అజిత్రోమైసిన్ వేసుకున్నాక అమ్మకి గుండె దడ, కారణం తెలిసింది

పది రోజుల కిందట అడిగాను కదా, దగ్గుకి అజిత్రోమైసిన్ 500 (యాంటీబయాటిక్) మొదలుపెట్టిన మూడో రోజు అమ్మకి గుండె దడ, కళ్లు తిరగడం అని. 'వెంటనే ఈసీజీ తీయించండి, వాడే మందులన్నీ పట్టుకెళ్లండి' అన్నవాళ్లకి చేతులెత్తి నమస్కారం. అదే కాపాడింది.

తిరుపతిలో కార్డియాలజిస్ట్ చూసి క్యూటీసీ (ఈసీజీలో గుండె ఒక్కో కొట్టుకి మళ్లీ సిద్ధమవడానికి పట్టే సమయం, మిల్లీసెకన్లలో) 508 ఉందన్నారు. ఆడవాళ్లకి 460 లోపు ఉండాలట, 500 దాటితే గుండె లయ ప్రమాదకరంగా తప్పొచ్చు. తప్పు అజిత్రోమైసిన్ ఒక్కదానిదే కాదు. వాంతులకని మేమే మెడికల్ షాపులో తెచ్చిన డోంపెరిడోన్ కూడా ఈ క్యూటీని పెంచుతుంది. పైగా బీపీకి వాడే నీళ్ల మాత్ర (మూత్రం ఎక్కువ పోయేలా చేసేది), దానికి తోడు విరేచనాలు. వీటివల్ల రక్తంలో పొటాషియం బాగా తగ్గి 2.9కి పడిపోయింది, అదీ క్యూటీని పెంచేదే. షాపులో అమ్మ మిగతా మందులేమిటని ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. ఆ బాధ ఇంకా పోలేదు.

రెండు మందులూ ఆపి, మానిటర్ పెట్టి, పొటాషియం, మెగ్నీషియం ఎక్కించారు. అజిత్రోమైసిన్ ఒంట్లో రోజుల తరబడి ఉంటుందని వారానికి మళ్లీ ఈసీజీ తీశారు: క్యూటీసీ 442.

దడకి కారణం గ్యాస్ కాదు, థైరాయిడ్ కాదు, ఎకో (గుండె స్కాన్) నార్మల్. అంతకుముందు వారం అలిపిరి మెట్లెక్కిన అలసటా కాదు. దగ్గుకి డాక్సీసైక్లిన్ ఇచ్చారు, తగ్గింది.